ఏడో సీటు

ఆ ఆదివారం పొద్దున కుమారస్వామి చేతిలో ఉన్నది ఇదీ: బ్యాంకులో ఆరు లక్షల నలభై వేలు. వాకిట్లో పాత కారు, మార్పిడికి ఇస్తే రెండు లక్షల పది వేలు పలుకుతుందని అంచనా. వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు, మామిడిపండు బొమ్మ అయస్కాంతం కింద, తమ్ముడి భార్య కావ్య ఇవ్వాల్సిన తొమ్మిది లక్షల చెక్కు.

చెక్కు మీద అంకె ఉంది, అక్షరాలు ఉన్నాయి, తారీఖు ఉంది. సంతకం లేదు.

శుక్రవారం నుంచి అది అక్కడే వేలాడుతోంది. పాలకనీ పెరుగుకనీ ఫ్రిజ్ తెరిచిన వాళ్లంతా, లోపల పసిపిల్ల పడుకున్నట్టు, తలుపు మెల్లగా వేస్తున్నారు.

కొనదలచింది మూడు వరుసల డీజిల్ బండి. ఏడు సీట్లు. రోడ్డు మీదికి వచ్చేసరికి పద్దెనిమిది లక్షల ఇరవై వేలు. చేతిలో ఉన్న మూడు మూటలూ కలిపితే డెబ్బై వేలు తక్కువ. ఆ డెబ్బై వేలు బేరంలో రాబట్టడం కుమారస్వామికి ఎడమచేతి పని. అప్పు మాత్రం తేడు. ఎనుమాముల మార్కెట్లో ఇరవై రెండేళ్లుగా మిరప కమీషన్ దుకాణం నడుపుతున్నవాడు. వడ్డీ మనిషిని ఎట్లా నములుతుందో, నమిలేవాళ్ల పక్కనే కూర్చుని చూసినవాడు.

కాబట్టి లెక్కంతా ఆ ఒక్క సంతకం మీద నిలబడింది.

ఆ తొమ్మిది లక్షలు తమ్ముడు ఓంప్రకాశ్ ప్రాణానికి వచ్చినవి. పద్నాలుగు నెలల కింద, రఘునాథపల్లిలో చుట్టం వెంకట్రాజం కూతురి పెండ్లికని మోటారు సైకిల్ మీద పోతుంటే, ఘన్‌పూర్ దాటాక వెనక నుంచి లారీ గుద్దింది. పరిహారంలో పిల్ల వంతు కోర్టు బ్యాంకులో వేయించింది. భార్య వంతు కావ్య చేతికొచ్చింది.

"సంతకానికి ఎంత సేపు బిడ్డా?" అంది మొగిలమ్మ. కుమారస్వామి తల్లి. మోకాళ్లు రెండూ వంగవు. కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంటే ఆమె ముందు నుంచి పోయేవాళ్లు చుట్టు తిరిగి పోవాలి.

కావ్య ఆరేళ్ల కూతురు అక్షితకు జడలు వేస్తోంది. తల ఎత్తలేదు.

"బండి వస్తాంది గద అత్తమ్మా. ఎక్కి చూస్త. చూశినంక పెడ్త."

"నువ్వు చూసుడేంది?" అంది వంటింట్లోంచి వినోద, కుమారస్వామి భార్య. "మీ బావ నెల రోజుల సంది ఫోన్ల అదే చూస్తాండు. మైలేజెంత, స్టార్లెన్ని, అన్నీ ఆయన నోట్లనే ఉన్నయి. అన్నం తినేటప్పుడు గూడ అదే పాట."

"బావ ముందల కూసునేటోని కండ్లతోని చూశిండక్కా. నేను యాడ కూసుంటనో అది నేను చూస్కోవాలె."

వినోద గరిటె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

వరండాలో చెప్పులు తొడుక్కుంటున్న కుమారస్వామి ఆ మాట విన్నాడు. కోపం రాలేదు. పైగా లోపల ఒక మూల మెచ్చుకున్నాడు కూడా. మార్కెట్లో ఎవడూ బస్తా పైన చూసి ధర చెప్పడు. మంచి కాయ పైన పోసి, తాలుకాయ అడుగున దాచేవాళ్లు ప్రతి యార్డులోనూ ఉంటారు. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి పిడికెడు తీయాలి. తమ్ముడు పోయాక మూగదై కూర్చున్న మరదలికి ఆ సంగతి ఎవరు నేర్పారో.

"అందరం ఒక్క బండ్లనే పోవాలె కొడుకా," అంది మొగిలమ్మ, రోజూ చెప్పేదే మళ్లీ. "నా ఇంటోళ్లు ముక్కలు ముక్కలుగ పోవద్దు. ఆనాడు కార్ల జాగ లేకపాయె, నా బిడ్డ బండి మీద పాయె. గింత పెద్ద బండి ఉంటే వాడు నా కండ్ల ముంగట ఉండేటోడు."

ఈ మాట ఆమె పద్నాలుగు నెలలుగా వచ్చినవాళ్లందరికీ చెప్పింది. దినాలకు వచ్చినవాళ్లకు చెప్పింది, వకీలుకు చెప్పింది, గ్యాస్ బండ తెచ్చిన మనిషిక్కూడా చెప్పింది. ఆ రోజు నుంచి పాత కారెక్కడం మానేసి, దవాఖానకైనా ఆటోలోనే పోతోంది.

కార్లో జాగ లేదని ఆమెకు చెప్పింది కుమారస్వామి. తర్వాత ఆమె ఎన్నిసార్లు ఆ మాట అన్నా, అవుననలేదు, కాదనలేదు. ఊరుకుంటే ఖర్చేముంది అనుకున్నాడు. కోల్డ్ స్టోరేజీలో దాచిన బస్తాకు నెలనెలా కిరాయి పడుతుందని తెలిసిన మనిషి, దాచిన మాటకు పడదనుకున్నాడు.

*

తొమ్మిదిన్నరకు బండి వచ్చింది. శివనగర్ సందులో సగం అదే ఉంది. తెల్లగా, ఎత్తుగా, ఎదురింటి మెట్లకు జానెడు దూరంలో ఆగింది.

షోరూం నుంచి వచ్చిన రమాకాంత్‌కు ముప్పై దాటవు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్. దిగుతూనే మొగిలమ్మ కాళ్లకు దండం పెట్టాడు. పనిమంతుడే అనుకున్నాడు కుమారస్వామి. ఎవరి మాట చెల్లుతుందో వాసన పట్టాడు.

"ముందుగాల మీ పాత బండి చూస్త సార్. ఎక్స్చేంజ్ రేటు ఫైనల్ చేద్దాం."

బానెట్ ఎత్తాడు, దించాడు. టైర్లు గోటితో గీకాడు. డిక్కీ తెరిచాడు. అందులో అడ్డంగా గ్యాస్ కిట్ బండ, దాని పక్కన పాత గుడ్డపీలికలు. తర్వాత వెనక తలుపు తీసి లోపలికి వంగాడు. వంగినవాడు రెండుసార్లు గట్టిగా తుమ్మాడు.

"ఏంది సార్ గీ ఘాటు? సీటుకు ఎర్ర మరక గూడ ఉన్నది. మిరప బస్తాలు ఏస్తరా ఇందుల?"

"మాది మిరప యాపారం నాయినా. మా చేతులకే ఉంటది ఘాటు."

"చేతులకైతే కడుక్కుంటే పోతది సార్. సీటు కవర్ మార్చాలె. పదిహేను వేలు తగ్గుతది."

పదిహేను రూపాయల కోసం హమాలీలతో అర్ధగంట వాదించే మనిషి కుమారస్వామి. ఆ పొద్దు బేరమే ఆడలేదు.

"తగ్గించు," అన్నాడు.

వరండా స్తంభానికి ఆనుకుని ఉన్న కొడుకు రాంప్రసాద్ ఫోన్‌లోంచి తలెత్తి తండ్రి వైపు చూశాడు. వెంటనే దించుకున్నాడు. మెట్ల మీద కావ్య చేతిలో దువ్వెన పిల్ల తలలోనే ఆగిపోయింది.

"అమ్మా, లాగుతానవ్," అంది అక్షిత.

కావ్య దువ్వెన తీసింది.

*

కొత్త బండిని కుమారస్వామి సరుకు చూసినట్టే చూశాడు. తలుపులు కొట్టి రేకు మందం విన్నాడు. కిందికి వంగి నేలకూ అడుగుకూ మధ్య ఎత్తు జానలతో కొలిచాడు. మూడు వరుసలూ లేపితే డిక్కీలో ఏం మిగులుతుందో చూసి పెదవి విరిచాడు. రెండు చేతిసంచులు, ఒక చెప్పుల జత.

"మధ్య సీటు ఒక్క బటన్‌తోని మడుస్తది సార్," అని రమాకాంత్ మడిచి చూపించాడు. "ఇట్ల మడిచి, ఇందులకెల్లి వెనకకు ఎక్కాలె."

"నేను ఎక్కి చూస్త."

"మీరెందుకు సార్? వెనకది పిల్లలకు..."

"బస్త అడుగు చూడకుంట నేను కొననయ్యా."

తల వంచి, ఒక కాలు లోపల పెట్టి, రెండోది లాక్కుని, మూడో వరుసలో కూలబడ్డాడు. యాభై రెండేళ్ల ఒళ్లు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. తల పైకప్పుకు తగిలింది. సీటు నేలకు దగ్గరగా ఉంది. కూర్చున్నట్టు లేదు, గొంతుక్కూర్చున్నట్టు ఉంది. పక్కన అద్దం ఉంది కానీ దిగదు. ఏసీ గాలి ఎక్కడో పైన తిరిగి ఆవిరైపోయినట్టు వస్తోంది. రమాకాంత్ మధ్య సీటు మళ్లీ లేపాడు, అది టక్కున కరుచుకుంది. అప్పుడు చూశాడు కుమారస్వామి. తను కూర్చున్న వరుసకు తలుపు లేదు. ముందువాళ్లు దిగి, సీటు మడిచి, దారి ఇస్తే తప్ప బయటికి రాలేడు.

అర నిమిషం కూర్చున్నాడు. ఆ అర నిమిషం మెడ వెనక చెమట పట్టింది.

"ఎట్లుంది కొడుకా?" అంది మొగిలమ్మ బయటి నుంచి.

కావ్య కూడా చూస్తోంది.

"మంచిగనే ఉంది," అన్నాడు. "ఇద్దరు హాయిగ కూసోవచ్చు."

అడుగు దాకా చెయ్యి పెట్టి తాలుకాయ తీసినవాడు, పిడికిలి మూసేసి, పైన పోసిన కాయ ధర చెప్పాడు.

*

ఎక్కే దగ్గర మొదటి తగవు.

స్టీరింగ్ దగ్గర కుమారస్వామి. దారి చెప్పాలని పక్కన రమాకాంత్. మొగిలమ్మను ఫుట్‌బోర్డు మీద నిలబెట్టి, చెరొక చెయ్యీ పట్టి మధ్య వరుసలో కూర్చోబెట్టారు. ఆమె పక్కన వినోద ఎక్కింది.

"నేను వెనక కూసుంట, చిన్నమ్మ మధ్యల కూసుంటది," అన్నాడు రాంప్రసాద్.

"నీ కాళ్లు యాడ పడ్తయిరా? తాటిచెట్టోలె పెరిగినవ్," అంది వినోద. "కావ్య సన్నగ ఉంటది, పిల్ల చిన్నది. ఆల్లిద్దరికే అది సరిపోతది."

"నేను పడ్తనమ్మా."

"చెప్తే ఇనవేందిరా? జల్ది ఎక్కు, సందుల బండ్లు ఆగినయి."

కావ్య పిల్లను ముందు పంపి, చీర కుచ్చిళ్లు ఎడమచేత్తో పట్టుకుని, తల వంచి వెనక్కి ఎక్కింది. రాంప్రసాద్ సీటు లేపి తన చోట కూర్చున్నాడు. సీటు కరుచుకున్న చప్పుడు.

"అందరం ఒక్క కాడ," అంది మొగిలమ్మ. "ఒక్కడే తక్కువ."

అండర్ బ్రిడ్జి దాటి, హంటర్ రోడ్డు మీదుగా అదాలత్, అక్కణ్నుంచి ఖాజీపేట. రమాకాంత్ ఊదరగొడుతూనే ఉన్నాడు. గేర్లు వెన్నలాగా పడతాయన్నాడు, ఘాట్ రోడ్డు మీద కూడా గుంజుతుందన్నాడు. కుమారస్వామి గుంతల్లో కావాలని తోలి చూశాడు. ముందు వరుసలో ఊగింది. మధ్య వరుసలో మొగిలమ్మ "శివా" అంది. వెనక వరుసలో ఏదో దబ్బుమని తగిలిన చప్పుడు.

"తలనా బిడ్డా?" అంది మొగిలమ్మ వెనక్కి తిరగలేక.

"ఏం కాలేదత్తమ్మా."

కాసేపటికి కావ్యే అడిగింది. "తమ్మీ, ఒక మాట చెప్పు. ఎయిర్ బ్యాగులు ఆరున్నయి అంటివి. గవి మా దాక వస్తయా?"

"పక్కలకు వచ్చే కర్టెన్ బ్యాగు వెనక దాక కవర్ చేస్తదక్కా."

"పక్కలకు కాదు. వెనకకెల్లి లారి గుద్దితే?"

రమాకాంత్ ట్యాబ్ వైపు చూశాడు. అందులో ఆ ప్రశ్నకు పేజీ ఉన్నట్టు లేదు.

"బండి గట్టిదక్కా. స్టార్ రేటింగ్..."

"గట్టిదే. మా వీపుకూ వెనక అద్దానికీ నడుమ ఎంత జాగ ఉన్నదో జెప్పు. జానెడా, రెండు జానలా?"

"పోయేటప్పుడు గా మాటలేంది కావ్యా?" అంది వినోద. "మంచి పనికి పోతానం. కొనేది నీ కోసమేనాయె, అందరి కోసమేనాయె."

"కొనేది నా పైసలతోని గద అక్కా. అడుగుత."

కుమారస్వామి నడిమి అద్దంలోకి చూశాడు. తల్లి మొహం కనిపించింది, భార్య చెవికమ్మ కనిపించింది. కావ్య కనిపించలేదు. ఆమె ఉన్న చోటు ఆ అద్దానికి అందదు.

ఖాజీపేట దాటాక రోడ్డు వెడల్పైంది. "జర స్పీడ్ చూడండి సార్," అన్నాడు రమాకాంత్. హైదరాబాద్ రోడ్డు. ఇదే రోడ్డు. ఇంకాస్త పోతే ఘన్‌పూర్. కుమారస్వామి కాలు యాక్సిలరేటర్ మీద బరువు వేయలేదు.

మడికొండ దాటారు.

"అమ్మా, కడుపుల తిప్పుతాంది," అంది అక్షిత.

"బావా, బండి ఆపు. పిల్లకు వాంతి వస్తాంది."

"ఆపుతాన, ఆపుతాన. పక్కకు తీయనియ్యి."

వెనక లారీలు. పక్కకు తీసేసరికి నిమిషం. రాంప్రసాద్ దూకి సీటు మడవబోయాడు. బటన్ ఎటు నొక్కాలో తెలియక రెండుసార్లు తప్పు నొక్కాడు. రెండో పక్క తలుపు తీద్దామంటే మొగిలమ్మ మోకాళ్లు అడ్డం. ఆమె దిగాలంటే ఇద్దరు పట్టాలి. "తియ్యి రా, తియ్యి," అంటోంది వినోద. కావ్య లోపల నుంచి ముందు సీటు వీపు మీద అరచేత్తో కొట్టింది. ఒకసారి. మళ్లీ ఒకసారి.

సీటు మడిచేసరికి పిల్ల తల్లి ఒళ్లో వాంతి చేసుకుంది.

*

రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో నీళ్ల సీసాతో పిల్ల మొహం కడిగారు. అందరూ దిగారు. మొగిలమ్మ ఫుట్‌బోర్డు మీదే కూర్చుంది. కావ్య చీర చెంగు పిండుకుంటోంది. రమాకాంత్ వెనక తలుపు ఎత్తి, మూడో వరుసలో మురికైన సీటును గుడ్డతో తుడిచి, ఆరడానికని పక్కనున్న రెండో సీటును ముందుకు పండబెట్టాడు.

పండబెట్టగానే లోపల జాగ తెరుచుకుంది. చదునుగా, నలుచదరంగా.

కుమారస్వామి కన్ను దాని మీద పడింది. ఇరవై రెండేళ్లుగా ఖాళీ జాగ ఏది కనపడినా అందులో ఎన్ని పడతాయో లెక్క కట్టిన కన్ను. గోదాములో, లారీలో, ఒకసారి దవాఖాన వరండాలో కూడా. మనసు పిల్ల దగ్గరే ఉంది, తల్లి దగ్గరే ఉంది. నోరు మాత్రం అలవాటు ప్రకారం తెరుచుకుంది.

"ఇంట్ల ఆరుగురమే గద రమాకాంతూ. ఏడోది ఖాళీనే. గిట్ల పండవెడ్తే ఒక బస్త పడ్తదా?"

రమాకాంత్ జవాబు చెప్పబోయాడు. కావ్య ముందు చెప్పింది.

"పడ్తది బావా. పాత కార్లనే పట్టింది. గీ పెద్ద బండ్ల పట్టదా?"

గొంతు పెంచలేదు. పిండుతున్న చెంగు కూడా వదల్లేదు.

వినోద గబగబా వచ్చింది. "కావ్యా, పిల్లకు నీళ్లు తాపు ముందు. ఎండ..."

"తాపిన అక్కా."

"ఏంది బిడ్డా?" అంది మొగిలమ్మ. "ఏం బస్త?"

రోడ్డు మీద పత్తి లోడు లారీ ఒకటి పోయింది. అది పోయేదాకా కావ్య ఆగింది.

"ఆయన పోయిన నాడు ఘన్‌పూర్ కాడ చాయ తాగుకుంట నాకు ఫోన్ చేశిండు అత్తమ్మా. మనం ముందుగాలనే రఘునాథపల్లిల ఉంటిమి గద, నువ్వు నేను పిల్ల. కార్ల ఎందుకు రాలేదయ్యా, ఎండల బండి మీద ఎందుకొస్తానవ్ అని అడిగిన. నవ్విండు. 'నా సీట్ల అన్న చపాటా మిరప బస్తను కూసోవెట్టిండు. పడకుంట దానికి బెల్టు గూడ పెట్టిండ్రు. నాకు బండి మీద బెల్టు లేదు, ఏం లేదు' అని నవ్విండు. గదే ఆఖరి మాట."

మొగిలమ్మ పెద్దకొడుకు వైపు తిరిగింది. మెడ ఒక్కటే తిరిగింది.

"కార్ల జాగ లేదంటివి గద రా?"

"అమ్మా, డిక్కీల గ్యాస్ బండ ఉండె. రఘునాథపల్లిల పచ్చళ్ల ఆయన ఆ పొద్దే కావాలన్నడు. ఒక్కటే బస్త, ఇద్దరి జాగ పట్టింది. పోయేది గాడికే గద అని..."

"ముందు నువ్వూ నీ పెండ్లాం. వెనక పోరడు. వాని పక్క పొంటి బస్త. అంతేనా?"

రాంప్రసాద్ ఏడుస్తున్నాడని మొదట ఎవరికీ తెలియలేదు. పందొమ్మిదేళ్లవాడు, మొహం బండికి తిప్పుకుని నిలబడ్డాడు.

"నేనో దిక్కు, బాబాయో దిక్కు పట్టినం నానమ్మా. బాబాయే ఎక్కించిండు దాన్ని. ఎక్కిచ్చినంక చేతులు దులుపుకొని 'పా, నేను ఎనుక వస్త' అన్నడు."

"ఇప్పుడు గియ్యన్నీ ఎందుకు?" అంది వినోద. ఆమె గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. "ఎవలన్న కావాలని చేసిండ్రా? లారి గుద్దింది. బస్త గుద్దలేదు. పద్నాలుగు నెలల సంది ఊకుండి, గియ్యాల నడి రోడ్డు మీద, పరాయి పిలగాని ముంగట..."

"ఉత్తగ ఊకుండలేదక్కా. బావే చెప్తడని ఊకున్న. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు. దినాల్ల చెప్తడనుకున్న. పరిహారం వచ్చిననాడు చెప్తడనుకున్న. చెక్కు అడిగిననాడన్న చెప్తడనుకున్న." కావ్య చెంగు వదిలింది. "చెప్పుడు లేదు గని, గా సీటు మళ్ల బస్తకే ఇస్తాండు."

కుమారస్వామి నోరు తెరిచాడు. తను అడిగింది రేపటి సరుకు గురించి అని చెబుదామనుకున్నాడు. చెబితే అది ఇంకా కింది ధర పలుకుతుందని తెలిసి మానుకున్నాడు.

"రాంప్రసాదూ," అంది మొగిలమ్మ. "ఆటో ఆపు."

"నానమ్మా, బండ్లనే పోదాం. నువ్వే గద అందరం ఒక్క బండ్ల..."

"ఆటో ఆపు బిడ్డా. ముగ్గురికి."

ఖాజీపేట వైపు పోయే ఆటో ఒకటి ఆగింది. రాంప్రసాద్, కావ్య కలిసి ముసలమ్మను లేపారు. కుమారస్వామి పట్టబోతే ఆమె మోచెయ్యి దగ్గరికి తీసుకుంది. లాక్కోలేదు, తోయలేదు, అంతే, దగ్గరికి తీసుకుంది. ఆటోలో వంగని కాళ్లు బయటికి పెట్టి కూర్చుంది. పిల్ల ఆమె ఒళ్లో తల పెట్టింది.

కావ్య ఎక్కబోయి ఆగింది.

"చెక్కు ఫ్రిజ్ మీదనే ఉన్నది బావా. నేను మీ కన్న ముందు ఇల్లు చేరుత. మీరొచ్చేసరికి ఉంటే ఉంటది."

ఎక్కి కూర్చుంది. అటు వైపు ఆమెకు తలుపే లేదు, అడ్డమూ లేదు.

రమాకాంత్ దూరంగా నిలబడి ట్యాబ్‌లో లేనిదేదో చూస్తున్నాడు. ఏడు సీట్లలో ఆరు నిలబడి ఉన్నాయి. ఒకటి పండుకుని ఉంది. దాన్ని లేపాలో వద్దో అతనికి అంతుపట్టలేదు.

"పోనియ్యనా అమ్మా?" అన్నాడు ఆటోవాలా.

"జర ఆగు."

మొగిలమ్మ కొడుకు మొహంలోకి చూసింది. తిట్టలేదు. శాపం పెట్టలేదు. మార్కెట్ నుంచి వచ్చిన రోజుల్లో, అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని అడిగేదే, అదే గొంతుతో అడిగింది.

"ఆ బస్తల ఎంత మిగిలింది కొడుకా?"

నలభై రెండు కిలోలు. రైతు దగ్గర కిలో రెండు వందల డెబ్బై ఎనిమిది, పచ్చళ్ల ఆయనకు మూడు వందలు. కాంటా మీద బస్తా ఉండగానే, లారీ గుద్దిన కబురుతో ఫోన్ మోగింది. తూకం రాసుకున్నాకే ఎత్తాడు. ఈ అంకెలన్నీ కుమారస్వామి తలలో పద్నాలుగు నెలలుగా, ఎవరూ అడగకుండా, వరుసగా నిలబడి ఉన్నాయి. ఎన్నో మాటలు తిప్పి చెప్పగల నోరది. మిగిలిన లెక్క అడిగితే తిప్పడం మాత్రం దానికి రాదు.

"తొమ్మిది వందల ఇరవై నాలుగు రూపాయలమ్మా," అన్నాడు.